కిటికీ అవతలి మనిషిని నేను ఇంటికి చేర్చేశాను

ఆరేళ్లుగా ఒక కాగితం నా మీద కూర్చుంది. ఒకే ఒక్క కాగితం. బరువెంత అంటారా, అశ్వారావుపేట మిల్లుకు పామాయిల్ గెలలు మోసే ట్రాక్టరు మీద వేస్తే టైర్లన్నీ ఒక్కసారే పేలిపోయేంత. చూశారా, మొదలుపెట్టీ పెట్టగానే పెంచేశాను. కాగితం కాగితమంతే బరువుంటుంది. మోసేవాడి సంగతి వేరు.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. అందుకే మీతో చెప్పుకోవడం కుదురుతుంది. తెలిసినవాళ్ల దగ్గర నేను నోరు తెరిస్తే చాలు, రెండో మాటకే వాళ్లు నవ్వడానికి సిద్ధమైపోయి నా మొహంలోకి చూస్తారు. వాళ్లను ఊరికే పంపడం నాకు చేతకాదు. ఏదో ఒకటి కలిపి నవ్వించేస్తాను. చెప్పాల్సింది మిగిలిపోతుంది.

సత్తుపల్లిలో నాకో చిన్న ప్రింటింగ్ షాపు ఉంది. పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు, చనిపోయినవాళ్ల జ్ఞాపకార్థ కూడికల కార్డులు వేస్తాను. తీరిక దొరికితే హాస్యం రాస్తాను. మా దగ్గర బొగ్గు గనిలో బ్లాస్టింగ్ జరిగితే హోటల్లో టీ గ్లాసు కాస్త వణుకుతుంది. నా రాతలో ఆ గ్లాసు గాల్లోకి లేచి, పక్క బల్ల దగ్గర ఆవలిస్తున్న మేస్త్రి నోట్లో ఒలికి, ఖాళీగా వెనక్కి వస్తుంది. మేస్త్రి చక్కెర తక్కువైందంటాడు. జనం నవ్వుతారు. "నీ నోట్ల పడితే చీమ గూడ ఏనుగైతది" అంటారు మా వాళ్లు. అది పొగడ్తే అనుకుని యాభై ఏళ్లు దాటేశాను.

నా ఈ పేరు విని పిలిపించారు ఆయన. ఆయన్ని రాయబారి గారు అనే అంటాను. వాళ్ల పెద్దలు కృష్ణా వైపు నుంచి వచ్చి అశ్వారావుపేట పక్కన పొలాలు కొన్నారు. ఈయన చదువుకుని పెద్ద పరీక్ష రాసి విదేశాంగ శాఖలో చేరి, పద్దెనిమిది దేశాల్లో పనిచేశారు. కాదు, ఎనిమిది. రిటైరయ్యాక ఆ పామాయిల్ తోటలోనే ఇల్లు కట్టుకున్నారు. ఆయన బాధ ఒక్కటే. ముప్పై ఏళ్లకు పైగా ఏం పనిచేశారో చుట్టాల్లో ఒక్కరికీ తెలియదు. బావమరిది అయితే భోజనాల దగ్గర అందరి ముందూ అడిగేవాడట: "ఇంతకీ బావా, అక్కడ నువ్వు ఎమ్మార్వో లాంటివాడివా, కలెక్టరు లాంటివాడివా?" అందుకే పుస్తకం రాయించుకుందామనుకున్నారు.

ఆయన చెప్పడం, నేను రాయడం. శనివారం శనివారం బండేసుకుని వెళ్లేవాణ్ని. నిజం చెబుతున్నా, అంత పొడిగా మాట్లాడే మనిషిని నేను పుట్టాక చూడలేదు. "ఆ దేశంలో ఎండలెక్కువ. పని ఎక్కువ. మనుషులు మంచివాళ్లు." ఎనిమిది దేశాలకూ ఇవే మూడు ముక్కలు. ఒక దేశంలో ఎండలకు బదులు మంచు. అంతే తేడా. నేను ఊరుకుంటానా? ఎక్కడో ఒక దేశాధ్యక్షుడి విందులో ఏదో మాంసం పెడితే, ఏమిటని అడక్కుండా మర్యాదగా తిన్నానన్నారు. నేను దాన్ని నిండు మొసలిని చేసి, తోక ఆయన కంచంలోంచి పక్కనున్న మంత్రి ఒళ్లోకి వేలాడేలా రాశాను. చదివి వినిపిస్తే ఆయన కళ్లజోడు తీసి తుడుచుకునేవారు.

"అంత జరగలేదండీ."

"జరిగితే బాగుండేది కద సార్?"

కళ్లజోడు మళ్లీ పెట్టుకునేవారు. "బాగుండేదే," అనేవారు.

అలా ఒప్పించి ఒప్పించి, ఎనిమిది దేశాలనూ ఉబ్బించాను. ఆయనకూ రుచి తగిలింది. అందులో తప్పేం లేదని ఇప్పటికీ అనుకుంటాను. మొసలి తోక వల్ల ఎవరికీ ఏమీ కాలేదు.

అసలు సంగతికి వస్తున్నాను. వస్తున్నానా? ఇంతసేపూ ఎందుకు తిప్పాను మిమ్మల్ని? కుర్చీలోంచి రెండుసార్లు లేచాను. కరెంటు ఉందో లేదో చూశాను. ఉంది. మళ్లీ కూర్చున్నాను.

ఒక శనివారం ఆయన ఏమీ చెప్పలేదు. లోపలికి వెళ్లి, నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి తెచ్చారు. అప్పటిదాకా ఒక్క అక్షరం కూడా ఆయన చేత్తో రాయలేదు. ఇది రాశారు. నీలం ఇంకు. ఒక పక్కే.

"దీన్ని మాత్రం ముట్టుకోకండి. ఉన్నదున్నట్టు వేయండి. ప్రూఫ్ నేను చూడను. మళ్లీ చదవలేను," అని లోపలికి వెళ్లిపోయారు. నేను బయటికొచ్చి, బండి మీద కూర్చుని చదివాను.

గల్ఫ్‌లో ఒక దేశం. ఆయన మధ్య వయసులో అక్కడి ఎంబసీలో పనిచేశారు. పాస్‌పోర్టు పోయినవాళ్లు, యజమాని గుంజుకున్నవాళ్లు, ఇంటికి పోవడానికి కాగితం ఇప్పించమని ఒక కిటికీ దగ్గర వరసలో నిలబడేవారు. ఆ కిటికీ వెనక ఈయన. చేరిన కొత్తలోనే ఎవరో సీనియరు చెప్పాడట: నీ భాషవాళ్లకు నువ్వు తెలుగువాడివని తెలిసిందా, సాయంత్రానికల్లా వరస నీ ఇంటి ముందుకొస్తుంది. అందుకని ఆయన మూడేళ్లు ఆ కిటికీ దగ్గర తెలుగు రాని మనిషిగా కూర్చున్నారు. ఎవరు తెలుగులో మొదలుపెట్టినా చెయ్యి అడ్డం ఊపి, "హిందీ? ఇంగ్లిష్?" అనేవారు.

ఒక బుధవారం మధ్యాహ్నం, భోజనానికి కిటికీ మూసే వేళకు ఒకతను వచ్చాడు. మాట వినగానే ఏ ఊరి వైపువాడో కూడా తెలిసిపోయింది. మన కల్లూరు వైపు యాస. "సార్, నన్ను ఇంటికి తోలియ్యుండ్రి. ఛాతిల నొప్పి లేస్తంది. మా మరియమ్మ ఒక్కతే ఉంటది. పిల్ల చిన్నది." ఇంతే అన్నాడు. ఈయనకు ప్రతి మాటా అర్థమైంది. అర్థం కానట్టు మొహం పెట్టారు. ఆదివారం రమ్మని, హిందీ వచ్చినవాణ్ని వెంటబెట్టుకుని రమ్మని, హిందీలోనే చెప్పి కిటికీ మూశారు. అతను ఆదివారం రాలేదు. అతని కాగితాలు వచ్చాయి, ఫోటో చూసి పోల్చుకున్నారు. శుక్రవారం లేబర్ క్యాంపులో గుండె ఆగి చనిపోయాడు. శవాన్ని ఇండియాకు పంపడానికి అభ్యంతరం లేదని ఈయనే సంతకం పెట్టారు. సంతకం పెడుతూ పేరు చదివారు. యేసురత్నం.

కింద చివరి వాక్యం ఇది: "ఆ మాటలు నాకు అర్థమయ్యాయని ఇన్నాళ్లకు రాస్తున్నాను."

మొసలి తోకలు వేలాడదీసే చేతుల్లోకి ఆ కాగితం వచ్చింది. ఇవ్వాల్సిన మనిషి నేను కాదు. ఆయనకు తెలియదు.

ఆయనకు తెలియనిది ఇంకొకటి ఉంది. నాకు యేసురత్నం తెలుసు. బతికుండగా చూడలేదు. కానీ నేను షాపు పెట్టిన కొత్తలో వేసిన జ్ఞాపకార్థ కార్డుల్లో అతనిదీ ఒకటి. మరియమ్మ పాస్‌పోర్టు సైజు ఫోటో పట్టుకుని వచ్చింది. చొక్కా కాలరు నలిగి ఉందని, కంప్యూటర్లో నేనే అతనికి నల్ల కోటు తొడిగి, ఎర్ర టై కట్టాను. ఆమె ఆ ఫోటో చూసి, "గిట్ల ఎన్నడు లేడు సారూ," అంది. అయినా తీసుకుంది. కల్లూరు దగ్గర పల్లె వాళ్లది. మరియమ్మ అక్కడి బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది.

ఆ పల్లెలో అతని గురించి ఏమనేవారో కూడా నాకు తెలుసు. చనిపోయే ముందు ఎనిమిది నెలలు అతని నుంచి ఫోన్ లేదు, ఉత్తరం లేదు. అక్కడినుంచి తిరిగొచ్చిన వాడొకడు, "వాడికి ఆడ ఇంకో సంసారం ఉంది, వాడేడొస్తడు," అని అంటించాడు. ఊరు దాన్ని పట్టుకుంది. అతను పెట్టెలో వచ్చాక కూడా వదల్లేదు. మరియమ్మ ఆ మాటను నమ్మిందా, లేదా? ఆమెకే తెలియదనుకుంటాను. కూతురు సునీత మాత్రం ఆ మాట వింటూనే పెరిగింది.

అంటే, నా చేతిలో ఉన్న కాగితం ఏమిటో మీకు అర్థమైంది కదా. అతను ఇంటికి రావాలనుకున్నాడు. చివరి వారంలో, నొప్పితో, పెళ్లాం పేరు చెప్పి మరీ అడిగాడు. ఆ సంగతి లోకంలో ఒకే ఒక్క కాగితం మీద ఉంది.

నేను దాన్ని వేయలేదు.

ఎందుకు వేయలేదు? ఆరేళ్లుగా నన్ను నేను ఇదే అడుగుతున్నాను. ఒక్కోసారి ఒక్కో జవాబు. పుస్తకం అంతా నవ్వుల మీద నడుస్తుంటే మధ్యలో ఈ పేజీ రాయిలా తగులుతుందని. నిజమే. రాయబారి గారి పరువు పోతుందని. ఆయనకు లేని భయం నాకెందుకు? మరియమ్మ నా షాపుకు వచ్చి ఎదురుగా నిలబడితే ఏ మొహం పెట్టాలో తెలియలేదని. ఇది కాస్త దగ్గర. కానీ అన్నిటికంటే అడుగున ఉన్నది చెప్పడానికే సిగ్గేస్తోంది. ఆ పేజీ నాకంటే బాగా రాశాడాయన. మూడు ముక్కల మనిషి, ఒక్క అలంకారం లేకుండా, ఒక్క పక్కలో, నేను జన్మలో రాయలేనిది రాశాడు. దాన్ని నా పుస్తకంలో ఉంచడం నాకిష్టం లేకపోయింది. నా పుస్తకం! పేరు ఆయనది, జీవితం ఆయనది, చావు ఇంకొకరిది. నాదట.

కాగితాన్ని కటింగ్ ముక్కల సంచిలో పడేశాను. పాత కాగితాలవాడు వచ్చి పట్టుకుపోయాడు. దాని జాగాలో ఒక కథ కట్టాను. యేసురత్నాన్ని సుబ్బయ్యను చేశాను. సుబ్బయ్య కిటికీ దగ్గరికొచ్చి, లోపలున్న అధికారికి తెలుగు రాదనుకుని, పైనుంచి కింది దాకా తిట్టి పోస్తాడు. "ఈ సన్నాసిని ఎవడు కూసోబెట్టిండ్రా ఈడ" దగ్గర మొదలై రెండు పేజీలు తిట్లే. చివర్లో అధికారి మెల్లగా, "మాది మీ పక్కూరేనయ్యా," అంటాడు. సుబ్బయ్య బల్ల కింద దూరతాడు. ఆయన బయటికి లాగి, ఇంటికి తీసుకెళ్లి, గోంగూర పచ్చడితో అన్నం పెట్టి, మర్నాడే విమానం ఎక్కిస్తాడు. సుబ్బయ్య ఇల్లు చేరతాడు. నా రాతల్లో అంతకంటే నవ్వొచ్చేది లేదు. ఆ మాట అనడానికి ఇప్పుడు నోరు చేదవుతోంది, కానీ అది నిజం.

సత్తుపల్లి ఫంక్షన్ హాల్లో పుస్తకం ఆవిష్కరణ. ఒక లెక్చరరు ఆ కథే ఏరి చదివాడు. హాలు ఊగిపోయింది, ఫ్యాన్లు ఊడిపడ్డాయి. లేదు, ఫ్యాన్లు బాగానే తిరిగాయి. జనం మాత్రం కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. నేను వేదిక మీద కూర్చున్న రాయబారి గారి వైపు చూశాను. మొదట ఏదో పొరపాటు పేజీ చదువుతున్నారన్నట్టు ఆ లెక్చరరు చేతిలోకి తొంగి చూశారు. తర్వాత నా కోసం వెతికారు. కనిపించాను. ఆ తర్వాత, అందరూ తనవైపే చూస్తున్నారని గమనించి, నవ్వారు. భోజనాల తర్వాత చేతులు కడుక్కునే చోట నన్ను పట్టుకుని, "ఆ పేజీ?" అన్నారు. "ఫారాల లెక్క సరిపోలేదు సార్, పేజీకి చోటు మిగల్లేదు, రెండో ఎడిషన్లో తప్పకుండా," అన్నాను. కుళాయి కట్టేయడం మరిచిపోయి అలాగే నిలబడ్డారు. "సరే. అందరూ నవ్వారుగా," అని వెళ్లిపోయారు.

ఇంతవరకూ ఒక తప్పు. రెండోది దీనికంటే పెద్దది.

నెల తిరక్కుండా మరియమ్మ షాపుకు వచ్చింది. ఏ పనీ తేలేదు. కౌంటరు అంచు పట్టుకుని నిలబడింది.

"సారూ, ఒక మాటడుగుతా. ఏమనుకోవద్దు."

"అనుకునుడు నా పని కాదు మరియమ్మా. అనుకోకుండ రాసుడే నా పని. అడుగు."

ఆమె నవ్వలేదు. "మీ రాయబారి సారు గా దేశంల పనిజేసిండంట గద. మా ఆయన సచ్చిపోయిన యాడాది సారు ఆడనే ఉండెనంట."

"ఎవరు చెప్పిండ్రు?"

"మా బడిల టీచరమ్మ. మీ పుస్తకం జదివింది. కిటికికాడి కత జదివి మస్తు నవ్వింది." కౌంటరు మీద లేని దుమ్మును చేత్తో తుడిచింది. "మా ఆయన ఎప్పుడన్న గా కిటికికాడికి పోయిండా? ఇంటికి తోలమని అడిగిండా? గదొక్కటి సారును అడిగి చెప్తరా?"

"ఇన్నేండ్లకు ఎందుకు మరియమ్మా, గిప్పుడు?"

"రానొల్లక ఆగిండా, రాలేక ఆగిండా. గంతే సారూ. ఏదైనా పోయినోడు రాడు. నాకు గాదు, నా బిడ్డకు. ఆమె వాళ్ల నాయిన ఫోటోను గోడ దిక్కు తిప్పి పెడతది."

ఆ క్షణంలో చెప్పేయొచ్చు. కౌంటరు అవతల ఆమె, ఇవతల నేను. నాకు తెలుగు వచ్చు. ప్రతి మాటా అర్థమైంది.

"అడిగి చెప్తలే," అన్నాను.

వారం తర్వాత మళ్లీ వచ్చింది. నేను ఎవరినీ ఏమీ అడగలేదు. "రోజుకు వందల మంది వస్తరంట మరియమ్మా. యాదికి లేదన్నడు," అన్నాను.

"అవ్ సారూ. గంతమందిల ఎట్ల యాదుంటది," అంది. నాకు శ్రమ ఇచ్చానని రెండుసార్లు అంది. వెళ్లిపోయింది.

ఆ తర్వాత నేను ఒకచోట కుదురుగా కూర్చోలేని మనిషినయ్యాను. షాపులో కూర్చుంటే వీధిలోకి, వీధిలోకొస్తే బస్టాండులోకి, అక్కడినుంచి మళ్లీ షాపులోకి. కల్లూరు దాకా బండేసుకుని వెళ్లి, ఆమె పల్లెకు తిరిగే మలుపు దగ్గర ఆగి, బండికి గాలి పట్టించుకుని వెనక్కి వచ్చాను. ఇలా నలభై సార్లు. ఇక్కడ పెంచాను. ఐదు సార్లు. ఐదుసార్లూ టైర్లలో గాలి నిండుగానే ఉంది.

రెండేళ్ల కింద రాయబారి గారికి పక్షవాతం వచ్చింది. కాళ్లూ చేతులూ తిరిగొచ్చాయి, జ్ఞాపకంలో మాత్రం గుంటలు పడ్డాయి. ఆ గుంటల్లో నా పుస్తకం వచ్చి చేరింది. మొసలి తోక నిజమే అంటారిప్పుడు. కిటికీ కథ అయితే వచ్చినవాళ్లందరికీ చెబుతారు. చూడటానికి వెళితే ఆయన భార్య, మేడమ్ గారు, నా చేతులు పట్టుకున్నారు. "ఇదివరకు నిద్రలో ఉలిక్కిపడి లేచి కూర్చునేవారు. ఎందుకో ఎన్నడూ చెప్పలేదు. ఇప్పుడు ఆ కథ చెప్పుకుని, హాయిగా పడుకుంటున్నారు. అంతా మీ పుస్తకం పుణ్యమేనండీ."

పుణ్యం! ఒక మనిషి తన తప్పు తాను ఒప్పుకుందామని వస్తే, నోరు మూసి, తప్పే జరగలేదని నమ్మించాను. అతన్ని క్షమించాలో వద్దో తేల్చుకోవాల్సినవాళ్లు కల్లూరు దగ్గర ఉన్నారు. వాళ్లను అడగకుండా నేనే క్షమించేశాను. నాకెవరిచ్చారు ఆ అధికారం?

ఈ ఎండాకాలంలో మరియమ్మ పెళ్లి కార్డు వేయించడానికి వచ్చింది. సునీతది. ఆ పిల్ల ఖమ్మంలో ఒక దవాఖానాలో నర్సు. మ్యాటరు రాసిన కాగితం నా ముందు పెట్టింది. మా దగ్గర తండ్రి పోయినా పెళ్లి కార్డులో పేరు పోదు. 'కీర్తిశేషులు' అని ముందు పెట్టి, తల్లి పేరుకు జతగా వేస్తాం. ఎన్ని వేల కార్డులు వేశానో, ఆ వరస ఎన్నడూ తప్పలేదు. ఈ కాగితంలో తల్లి పేరొక్కటే ఉంది.

"లైను మరిచిపోయినవ్ మరియమ్మా."

"మరువలే సారూ. పిల్ల వద్దన్నది. రానొల్లనోని పేరు నా కార్డుల ఎందుకన్నది." గొంతు తగ్గించింది. "నాకు జవాబు లేకపాయె."

ఆమె జవాబు నా సంచిలోంచి పాత కాగితాలవాడి సంచిలోకి పోయింది. అప్పుడు కూడా చెప్పలేకపోయాను. "రేపు ప్రూఫ్ చూపిస్త," అన్నాను.

మర్నాడు పొద్దున్నే వాళ్ల పల్లెకు వెళ్లాను. ఈసారి గాలి పట్టించుకోలేదు. సునీత సెలవు మీద ఇంట్లోనే ఉంది. ప్లాస్టిక్ కుర్చీ వేశారు. చెప్పాను. తల వంచుకుని, మొదటినుంచి. చెబుతూ చెబుతూ ఏం చేశానో తెలుసా? "మీ నాయిన కిటికి ఊచలు పట్టుకుని ఏడ్చిండమ్మా," అన్నాను. ఆ కాగితంలో ఊచలు లేవు, ఏడుపు లేదు. నాలుక దానంతట అదే కలిపేసింది. అది నా చెవికే తగిలి, "ఆగు, గది నేను కలిపింది," అన్నాను.

సునీత లేచి నిలబడింది. "గది కలిపినవా? ఇంకేం కలిపినవ్ సార్? కాగితం ఏది?"

"లేదమ్మా. పారేసిన."

"గయితే నువ్వు కత చెప్తున్నవని మాకెట్ల తెల్వాలె? కతలు చెప్పుడే గద నీ పని."

జీవితంలో మొదటిసారి నా మాట ఒకరు నమ్మాలని కోరుకున్నాను. నమ్మకపోవడానికి వాళ్లకు నేనే యాభై ఏళ్ల సాక్ష్యం ఇచ్చి పెట్టుకున్నాను.

"గా సారు దగ్గరికే పోదాం," అంది మరియమ్మ.

నా బండి కల్లూరులో పెట్టేసి, ముగ్గురం బస్సెక్కి సత్తుపల్లి మీదుగా అశ్వారావుపేట వెళ్లాం. రాయబారి గారు వరండాలో కూర్చుని ఉన్నారు. మనుషులొచ్చారని మొహం వికసించింది. గల్ఫ్‌లో ఎంబసీ కిటికీ గురించి తెలుసుకోవడానికి వచ్చారని చెప్పాను. అంతే. ఎత్తుకున్నారు. తిట్లతో సహా ఒక్క ముక్క పోకుండా చెప్పారు. సుబ్బయ్య బల్ల కింద దూరే చోట తనే పగలబడి నవ్వారు. మరియమ్మ కళ్లార్పకుండా వింది. గోంగూర పచ్చడి దగ్గరికొచ్చేసరికి, నాకు మాత్రమే వినపడేలా, "ఆయనకు గోంగూర పడకపోయేది," అంది.

సునీత నా వైపు తిరిగింది. "గిందుట్ల నీది ఏది?"

"అంతా నాదేనమ్మా. ఇంటికి తోలమని అడిగిందొక్కటే నాది కాదు."

ఆ మాట ఆమెలో ఎక్కడ పడిందో నాకు తెలియలేదు. రాయబారి గారు ఇదంతా పట్టించుకోలేదు. మరియమ్మను పరీక్షగా చూసి, "మీది కల్లూరు వైపేనా అమ్మా? సుబ్బయ్య మీవాడేనా? బాగున్నాడా?" అని అడిగారు.

సునీత నోరు తెరిచింది. మరియమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఉన్నడు సారూ," అంది.

ఆయన సంతోషంగా తలూపారు. అది ఆమె జాలో, అలసటో, లేక ఆయనతో తనకింక పనిలేదనుకోవడమో, ఇన్ని రోజులుగా తిప్పి తిప్పి చూస్తున్నాను. తెలియడం లేదు. ఏదో ఒకటని రాయడం చిటికెలో పని. రాయను.

అశ్వారావుపేట బస్టాండులో ముగ్గురం నిలబడ్డాం. నాకు దూరంగా తల్లీకూతుళ్లు చాలాసేపు మాట్లాడుకున్నారు. తర్వాత సునీత వచ్చి, ఫోన్‌లో రికార్డింగు నొక్కి నా మొహం ముందు పెట్టింది. "కాగితంల ఏమున్నదో చెప్పు. మా ఊరోళ్లకు వినిపించాలె. ఒక్క మాట ఎక్కువైనా ఆపేస్త."

రెండుసార్లు ఆపింది. ఒకసారి నేను "పాపం" అన్నందుకు. ఇంకోసారి ఎండ గురించి చెప్పబోయినందుకు. మూడోసారి ఇలా చెప్పాను:

"బుధవారం మధ్యాహ్నం యేసురత్నం ఎంబసీ కిటికీ దగ్గరికి వచ్చాడు. ఇంటికి పంపమని తెలుగులో అడిగాడు. ఛాతీలో నొప్పి అన్నాడు. మా మరియమ్మ ఒక్కతే ఉంటది, పిల్ల చిన్నది అన్నాడు. లోపలున్న అధికారికి తెలుగు వచ్చు. రానట్టు ఆదివారం రమ్మన్నాడు. శుక్రవారం యేసురత్నం చనిపోయాడు. ఇది ఆ అధికారి తన చేత్తో రాసి నాకిచ్చాడు. నేను చదివాను. పారేశాను. వాళ్లు అడిగితే అబద్ధం చెప్పాను."

ఒక నిమిషం కూడా పట్టలేదు. నేను ఏ సంగతీ గంట కంటే తక్కువలో చెప్పి ఎరగను. సునీత దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విన్నది. తల్లి చెవి దగ్గర పెట్టింది. మరియమ్మ చెయ్యెత్తి, మళ్లీ పెట్టమంది. ఒకే ఒక్క చోట, అతను ఆమె పేరు చెప్పిన చోట, మూడుసార్లు విన్నది. తర్వాత ఫోన్ కూతురికిచ్చి, నా వైపు చూసింది.

"నువ్వు ఇంక మా ఇంటికి రావొద్దు సారూ," అంది.

కోపంగా అనలేదు. బస్సొచ్చింది, ఎక్కారు. కార్డు వేరే ఎక్కడో వేయించుకుంటారు. అందులో ఆ పేరు ఉంటుందో ఉండదో నాకు తెలిసే దారి లేదు. నాకు తెలియాల్సిన పని కూడా లేదు.

బస్సు కనపడకుండా పోయేదాకా నిలబడ్డాను. క్షమించమని అడగడం మరిచిపోయానని అప్పుడు గుర్తొచ్చింది. వెంటపడి అడగాలనిపించలేదు. ఇంకొకటి చెప్పి ముగిస్తాను, ఇది కూడా పెంచకుండానే చెబుతున్నాను. నాకు ఆకలేసింది. సిగ్గు లేకుండా, కడుపు నకనకలాడేలా ఆకలేసింది. ఎదురుగా ఉన్న హోటల్లోకి వెళ్లి, ప్లేటు ఇడ్లీ చెప్పి, అది వచ్చేదాకా ఆ కుర్చీలోంచి లేవకుండా కూర్చున్నాను.